జీతం పెంచమని అడగాలన్నా ముందు యజమాని ఎవరో తేలాలి

రేపు కమిషనర్‌గారికి ఇవ్వవలసిన వినతిపత్రం ఈ రాత్రికి పూర్తయింది. రాసింది రెండు పేజీలే అయినా, అందులో ఏ డిమాండు ముందుండాలన్న దానిపై పొద్దున మస్టరు దగ్గర మొదలైన వాదన సాయంత్రం యూనియన్ ఆఫీసుదాకా సాగింది. నాకు గుర్తుండడం కోసం ఇక్కడ రాసిపెడుతున్నాను.

మా మునిసిపాలిటీ పారిశుద్ధ్య విభాగంలో మిగిలిన కొద్దిమంది పర్మినెంటు కార్మికుల్లో నేనొకణ్ణి. త్వరలో నేను రిటైరయ్యాక నా స్థానంలో పర్మినెంటు మనిషిని తీసుకుంటారన్న ఆశ మా విభాగంలో ఎవరికీ లేదు. నాతోపాటు ఒకే వీధికి ఆ చివర ఊడ్చే అక్క అవుట్‌సోర్సింగ్‌లో ఉంది. చీపురు, బండి, మేస్త్రీ, హాజరు వేసే వేళ, అన్నీ మా ఇద్దరికీ ఒకటే. జీతం కాగితం మాత్రం వేరు.

పొద్దున హాజరు వేయించుకుని నిలబడినప్పుడు ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసే కుర్రాడొకడు, "బాబాయ్, పర్మినెంటు మాట ఇప్పట్లో తేలేది కాదు, జీతం పెంచమని మాత్రమే అడుగుదాం" అన్నాడు. అతని తొందర నాకు అర్థమైంది. నీటి పైపులు, మోటార్ల దగ్గర పనిచేసే వాళ్లు పారిశుద్ధ్య కార్మికులకు వచ్చే ఆరోగ్య భత్యానికి కూడా నోచుకోలేదు. కానీ జీతాన్ని, ఉద్యోగ స్వభావాన్ని విడదీసి అడగగలమన్న మాటను నేను ఒప్పుకోలేకపోయాను.

అక్కకు నెలకు 21,000 అని బయట అందరూ చెప్పుకుంటారు. ఆంధ్రప్రదేశ్ 2022 వేతన సవరణలో పర్మినెంటు ఉద్యోగి కనీస మూలవేతనం 20,000 కాబట్టి, ఆవిడకే ఎక్కువ వస్తోంది కదా అని ఒక వార్డు పెద్దమనిషి నా ముందే అన్నాడు. ఆ 21,000లో అసలు వేతనం 15,000, మిగతా 6,000 ఆరోగ్య భత్యం. పర్మినెంటు ఉద్యోగి మూలవేతనంపై కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం వస్తాయి, ఏటా ఇంక్రిమెంటు కలుస్తుంది. అక్క ఎన్నేళ్లు ఊడ్చినా నిన్న చేరిన మనిషితో సమానంగానే నిలబడుతుంది. భత్యం రూపంలో ఇచ్చినదాన్ని పేరు మార్చి తగ్గించడం సులువు. ఇంకో చిక్కు కూడా ఉంది. 2017 జనవరిలో ఈఎస్ఐకి, అంటే కార్మికులకు చికిత్స అందించే బీమా పథకానికి, పెట్టిన వేతన పరిమితి సరిగ్గా ఆ 21,000. అది దాటేలా జీతం పెరిగితే ఈఎస్ఐ చికిత్స చేజారుతుంది, పర్మినెంటు ఉద్యోగికి ఉన్న హెల్త్ కార్డు మాత్రం చేతికి రాదు. ఈ మాట చెప్పేదాకా ఆ కుర్రాడికి ఈ సంగతి తెలియదు. విన్నాక కాసేపు మౌనంగా ఉండిపోయాడు.

మధ్యాహ్నం యూనియన్ ఆఫీసులో కూర్చుని చట్టాల భాగం రాశాను. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016 అక్టోబరు 26న జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని మేం చూపినప్పుడల్లా ఎదుటి పక్షం ఒకే జవాబు చెబుతుంది: మీరు మా ఉద్యోగులు కారు, ఏజెన్సీ ఉద్యోగులు. 2019లో అవుట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ఆప్కాస్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏర్పాటై ప్రైవేటు కాంట్రాక్టర్లు పక్కకు తప్పుకోవడం మంచిదే, జీతం నేరుగా ఖాతాలో పడడం పెద్ద ఊరట. అయినా మునిసిపాలిటీకీ కార్మికుడికీ మధ్య ఒక సంస్థ అలాగే నిలిచి ఉంది. ఆ సంస్థ ఉన్నంతకాలం సమాన వేతనం అడిగినప్పుడల్లా మమ్మల్ని వేరే గుమ్మం చూపించి పంపించేస్తారు. అందుకే యజమాని ఎవరన్న ప్రశ్నే ముందుండాలని పట్టుబట్టాను.

1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం శాశ్వతంగా సాగే పనుల్లో కాంట్రాక్టు విధానాన్ని నిషేధించే వీలు కల్పించింది. 2001లో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కేసులో, నిషేధించినంత మాత్రాన కార్మికులు వాళ్లంతట వాళ్లే పర్మినెంటు అయిపోరని సుప్రీంకోర్టు చెప్పడంతో ఆ దారి ఇరుకైంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ప్రధాన కార్యకలాపాలకు కాంట్రాక్టు కార్మికులు వద్దని ఉంది గానీ, పారిశుద్ధ్యాన్ని ఆ ప్రధాన పనుల్లోంచి తప్పించారు. పనిచేయించుకునే సంస్థ ఏర్పడిందే ఆ పని కోసమైతే తప్ప, అన్న మినహాయింపు మాత్రం ఉంచారు. ఊరిని శుభ్రంగా ఉంచడం మునిసిపాలిటీ ఉనికికే కారణం కాదా? ఈ ఒక్క వాదన మీద నాకు చాలా నమ్మకం ఉంది. కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చిన కార్మికుల్ని తొలగిస్తే, వాళ్లను క్రమబద్ధం చేయమని 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును కూడా చేర్చాను. అవుట్‌సోర్సింగ్‌ను అడ్డుపెట్టుకుని బాధ్యత తప్పించుకునే ధోరణిని ఆ తీర్పు గట్టిగా తప్పుపట్టింది.

సాయంత్రం చదివి వినిపించినప్పుడు అక్క ఒక్కటే అడిగింది: "అన్నా, నేను రిటైరయ్యే లోపు ఇది తేలుతుందా?" తేలుతుందని నేను మాట ఇవ్వలేదు. ఇవ్వకూడదు కూడా. ఇంజనీరింగ్ కార్మికులకూ ఆరోగ్య భత్యం ఇవ్వాలన్నది తక్షణ డిమాండుగా రెండో పేజీలో చేర్చాం, కుర్రాడి పట్టుదలలోనూ న్యాయం ఉంది. మొదటి పేజీలో మాత్రం పనిచేయించుకునే మునిసిపాలిటీయే యజమాని అని ఒప్పుకోవాలన్న డిమాండు ఉంది. సంతకాలు పూర్తయ్యాయి. పర్మినెంటు కార్మికులం కూడా అందరం సంతకం పెట్టాం. రేపు పొద్దున డ్యూటీ ముగించుకుని పదిన్నరకు అందరం ఆఫీసు దగ్గర కలుసుకుంటాం.