అత్తయ్య ఓటు హైదరాబాద్‌కి మారిన కథ

మామయ్య పోయాక అత్తయ్య తెనాలి ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చేసింది. గ్యాస్, బ్యాంకు, ఆధార్ అడ్రస్ ఒక్కొక్కటిగా ఇక్కడికి మార్చుకున్నాం. ఓటు మాత్రం అక్కడే ఉండిపోయింది. 2024 మార్చి 16న షెడ్యూల్ వచ్చింది. ఆంధ్రకీ తెలంగాణకీ ఒకే రోజు, మే 13న పోలింగ్. ఇక తెనాలి నుంచి ఫోన్లు మొదలు. "వచ్చెయ్యి వదినా, ఇక్కడైతే అసెంబ్లీకీ పార్లమెంటుకీ రెండూ వెయ్యొచ్చు" అని ఆమె ఆడపడుచు ఒకటే గొడవ. మోకాళ్ల నొప్పులతో అంత దూరం బస్సు ప్రయాణం ఎక్కడ! పైగా అత్తయ్య లెక్క వేరు. "చెత్తబండి రాకపోతే నేను అడగాల్సింది ఇక్కడివాళ్లని. ఓటూ ఇక్కడే" అంది.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఓ సలహా పడేశాడు: "అక్కడిది అలాగే ఉంచి, ఇక్కడ కొత్తగా ఫారం 6 పెట్టండి, ఎవరూ చూడరు." ఒకే మనిషికి రెండు చోట్ల ఓటు ఉండకూడదు, ఇంకెక్కడా లేదని అబద్ధం రాసిస్తే నేరం. ఫారం 6 మొదటిసారి ఓటరుగా చేరేవాళ్లకి. ఇల్లు మారినవాళ్లు పెట్టాల్సింది ఫారం 8. పేరులో తప్పులు దిద్దుకోవడానికీ, పోయిన కార్డు మళ్లీ తెచ్చుకోవడానికీ కూడా అదే ఫారం. రాష్ట్రం మారినా సరే, అది పెడితే పాత చోట పేరు తీసి కొత్త చోట చేరుస్తారు.

కూర్చుని ఆన్‌లైన్‌లో నింపుతుంటే మొదట్లోనే ఆగిపోయాం. అత్తయ్య కార్డు ఎప్పటిదో, నలుపు తెలుపు ఫొటోతో, 'ఏపీ' అని మొదలై మధ్యలో గీతలున్న పొడుగాటి నంబరుది. ఆ నంబరు కొడితే ఏమీ రాలేదు. పేరు, మామయ్య పేరు, వయసు, జిల్లా, నియోజకవర్గం ఇచ్చి వెతికితే మనిషి దొరికింది, పక్కనే మూడు అక్షరాలు, ఏడు అంకెల కొత్త నంబరు. పాత నంబర్లన్నీ జాబితాలో ఎప్పుడో మారిపోయాయి, కార్డు మాత్రం ఆమె పర్సులోనే ఉండిపోయింది. అడ్రస్‌కి ఆధార్ జతచేశాం. కొన్నాళ్లకి బీఎల్ఓ, అంటే మా బూత్ ఓటర్ల జాబితా చూసే ఆవిడ, ఇంటికొచ్చింది. అంగన్‌వాడీ టీచర్ ఆవిడ, ఎండలో అంతస్తులెక్కీ దిగీ అలిసిపోయి ఉంది. అత్తయ్య మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది, ఇద్దరూ ఓటు తప్ప అన్నీ మాట్లాడుకున్నారు.

మే వచ్చేసరికి జాబితాలో పేరు కనిపించింది, పార్ట్ నంబరు, వరస నంబరుతో సహా. కార్డు మాత్రం రాలేదు. నాకు టెన్షన్ పట్టుకుంది. ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేస్తే అటువైపు అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. జాబితాలో పేరుంటే చాలు, కార్డు లేకపోతే ఎన్నికల సంఘం ఒప్పుకున్న మరో 12 పత్రాల్లో ఏదో ఒకటి తెమ్మంది. ఆధార్, పాన్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్స్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, ఫొటో ఉన్న పెన్షన్ కాగితాలు ఇలా. రేషన్ కార్డు అందులో లేదు. బీఎల్ఓ ఇచ్చే ఓటరు స్లిప్పూ గుర్తింపు కింద చెల్లదు. ఆ సంగతి స్లిప్పు మీదే రాసి ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ.

జాబితాలో అత్తయ్య పేరు ముందు 'వెంకట' ఉంది, ఆధార్‌లో లేదు. అందుకని ఆధార్‌తో పాటు పీపీఓ, అంటే పెన్షన్ పుస్తకం కూడా సంచిలో వేసుకున్నాను. మామయ్య టీచరుగా రిటైరైనప్పుడు ఇచ్చింది, ఇద్దరూ పక్కపక్కన ఉన్న ఫొటోతో. "ఇన్ని కాగితాలెందుకే, పెళ్లిచూపులకి వెళ్తున్నామా" అని నవ్వింది.

ఇంటి దగ్గర ఓటు వేసే వీలు ఆ ఎన్నికల్లో 85 దాటినవాళ్లకి. అత్తయ్యకి 78. పొద్దున్నే బయల్దేరాం. పెద్దావిడని చూసి వరసలో నిలబడకుండా ముందుకి పంపారు, నాదీ అదే బూత్ కాబట్టి వెనకే నేను. మా ముందు ఒక కుర్రాడు ఫోన్‌లో ఆధార్ చూపిస్తానంటే, అసలు ఫోనే లోపలికి రాకూడదన్నారు. పాపం ప్రింటు తీయించుకోవడానికి పరిగెత్తాడు.

లోపల మొదటి అధికారి వరస నంబరూ పేరూ గట్టిగా చదివాడు, పార్టీల ఏజెంట్లు తమ కాగితాల మీద గీతలు పెట్టుకున్నారు. నేను సంచిలో చెయ్యి పెట్టేలోగా అత్తయ్య తన పాత కార్డు తీసి బల్ల మీద పెట్టేసింది.

"సార్, ఇది ఆంధ్ర కార్డు. ఫొటో కూడా ఈవిడది కాదు" అన్నాడు ఒక ఏజెంటు.

"నాది కాకపోతే మీ అమ్మదా?" అంది అత్తయ్య.

ప్రిసైడింగ్ అధికారి లేచి వచ్చాడు. ఏజెంటుతో నెమ్మదిగానే చెప్పాడు: కార్డు ఏ నియోజకవర్గంలో ఇచ్చిందైనా పర్లేదు, పేరు ఈ జాబితాలో ఉంటే చాలు. కానీ ఫొటోని బట్టి మనిషిని పోల్చలేకపోతున్నాం, ఇంకోటి ఏదైనా ఉందా అమ్మా అని అడిగాడు. అడగడం న్యాయమే, ఆ ఫొటోలో నాకే ఆమె కనిపించదు. ఆధార్ ఇస్తే 'వెంకట' ఏదని మళ్లీ ఏజెంటు. అప్పుడు పీపీఓ తీశాను. పూర్తి పేరు, మామయ్య పేరు, ఇద్దరి ఫొటో. ఆయన జాబితాతో పోల్చి చూసుకుని, ఫొటోకేసీ మనిషికేసీ ఒకసారి చూసి "కానివ్వండి" అన్నాడు.

రెండో అధికారి రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని, పక్కన పీపీఓ నంబరులో ఆఖరి నాలుగు అంకెలు రాసుకున్నాడు. ఎడమ చూపుడు వేలికి సిరా. తర్వాత నా వంతు, నా కార్డు ఒక్క చూపుతో అయిపోయింది.

ఫలితాలు కూడా వచ్చేశాక కొత్త కార్డు పోస్టులో దిగింది. ఈసారి రంగుల ఫొటో. ముసలిదానిలా ఉన్నానని అత్తయ్య పేచీ. ఫొటో మార్పుకీ ఫారం 8 ఉందని మా ఆయన నోరుజారాడు, ఆదివారం ఇద్దరూ స్టూడియోకి బయల్దేరారు.