నులితీగ ఎండిందా?

మార్చి చివర్లో ఓ ఆదివారం. కోటిపల్లి రేవులో, జనాన్ని అవతలి ముక్తేశ్వరానికి దాటించే పంటు ఇంకా సగం ఖాళీగానే ఉంది. మాకు పంటుతో పని లేదు. మావయ్య కౌలుకి తీసుకుని పుచ్చ వేసిన లంక గోదారి పాయ గౌతమి మధ్యలో ఉంది, అక్కడికి నాటుపడవే దిక్కు.

పడవ దిగాక అంతా ఇసుక. పొద్దున చల్లగానే ఉంది గానీ, తిరిగొచ్చేటప్పుడు దాని మీద నా పరుగు చూడాల్సింది. వరదలొచ్చినప్పుడు గోదారి ఈ నేలని ముంచి ఒండ్రు వేసి పోతుంది. ఇసుక కలిసిన నేల కాబట్టి నీరు నిలవదు, పుచ్చకి అదే ఇష్టం. జనవరి మొదట్లో గింజలు పెట్టారట, ఇప్పుడు కోతకొచ్చింది.

మావయ్య పాదు పక్కన గొంతుక్కూర్చుని రెండు పసుపు పువ్వులు చూపించాడు. మగపువ్వు సన్న కాడ మీద ఉత్తినే నిలబడింది. ఆడపువ్వు కింద మాత్రం నూగుతో చిట్టి పిందె, అచ్చం బొమ్మ పుచ్చకాయలా. మొదట వచ్చేవి మగపువ్వులే. అవి రాలిపోతుంటే కొత్త రైతులు టెన్షన్ పడిపోతారట. పొద్దున విచ్చిన పువ్వు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఆ కాసేపట్లోనే తేనెటీగ పుప్పొడి మోయాలి. అది సరిగ్గా అందకపోతే కాయ ఒక పక్కే ఊరి వంకరపోతుంది. అందుకే మందు కొట్టాల్సొస్తే సాయంత్రం పూటే కొడతాడు. బజారులో వంకర కాయ చూసి నీళ్లు చాల్లేదేమో అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ.

"ఏరా అల్లుడూ, నువ్వే ఒకటి కొయ్యి."

నాలుగు కాయలు తట్టి, చెవి పెట్టి, పెద్ద ఆరిందాలా ఒకటి కోశాను. లోపల లేత గులాబీ, గింజలు తెల్లగా. మావయ్య ఏమీ అనలేదు, దాన్ని గేదె కోసం పక్కన పెట్టాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

తర్వాత చెప్పాడు. కాయ తొడిమ దగ్గర మెలికలు తిరిగి ఉండే సన్న తీగ, అదే నులితీగ, ఎండి గోధుమ రంగుకి రావాలి. కాయని కాస్త పొర్లిస్తే నేలకానిన చోట మచ్చ కనబడుతుంది, అది తెలుపు పోయి పసుపు తిరగాలి. చప్పుడు ఆఖర్న. పుచ్చ కోశాక ఇంక పండదు. ఖర్బూజా దారి వేరు: పండితే తొడిమ చుట్టూ బీట పడి, చెయ్యి వేస్తే ఊడొస్తుంది.

గట్టు మీద పగిలిన దోసపండు ఒకటి కనిపించింది. వాసన చూస్తే ఖర్బూజాయే! తర్వాత చదివితే తెలిసింది, మనం పప్పులో వేసుకునే దోసకాయ కీరాకి దూరపు చుట్టమేనట. అది, ఖర్బూజా ఒకటే జాతి, కుకుమిస్ మెలో. నాలుక ఎప్పుడో కనిపెట్టాల్సిన సంగతి.

ఈసారి నులితీగ, మచ్చ చూసి కోసిన కాయని ఇంటికి మోసుకొచ్చాను. అమ్మ రెండుసార్లు తట్టి, "పచ్చిదిరా" అంది.

నేను మాట్లాడకుండా కత్తిపీట ముందుకి జరిపాను.