ఒకే కవికి ఇన్ని కార్డులెందుకు?

ఈ మధ్య చనిపోయిన ఒక ఇంగ్లీషు లెక్చరర్ గారి పుస్తకాలు కావలిలో మా చిన్న రీడింగ్ రూముకు వచ్చాయి. పుస్తకాలు వెతుక్కోవడానికి వాడే కేటలాగ్ కార్డులు రాస్తుంటే ఒక జర్మన్ కవి రెండు అట్టల మీద రెండు పేర్లతో కనిపించాడు. ఒకదాని మీద ఏంజెలస్ సైలీసియస్, ఇంకోదాని మీద యోహాన్ షెఫ్లర్. సాయంత్రాలు వచ్చి సాయం చేసే డిగ్రీ అమ్మాయి, "మేడం, ఇద్దరూ ఒకరే అయితే ఒక కార్డు చాలదా?" అంది.

చాలదు. ఎక్కువమందికి తెలిసిన సైలీసియస్ పేరు మీద పుస్తకం వివరాలు రాయాలి. మిగతా ప్రతి పేరుకూ ఒక కార్డు పెట్టి, "చూ. సైలీసియస్" అని దారి చూపించాలి. మన గుడ్లూరు ఎర్రనను ఎర్రాప్రగడ అన్నా, శంభుదాసుడన్నా, ప్రబంధ పరమేశ్వరుడన్నా పుస్తకం చేతిలో పెడతాం. ఈయన పేర్లు మనకు అలవాటు లేనివి కాబట్టి ఇంకా శ్రద్ధగా రాసి పెట్టాలి.

షెఫ్లర్ 1624లో బ్రెస్లౌలో లూథరన్ (ప్రొటెస్టంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) కుటుంబంలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది, పేరు వ్రొత్స్వాఫ్. ఇటలీలోని పాడువాలో చదివి డాక్టరయ్యాడు. 1653లో కాథలిక్కుల్లో చేరి యోహానెస్ ఏంజెలస్ అని పేరు పెట్టుకున్నాడు. యజ్ఞం చేశాక మన తిక్కన సోమయాజి అయినట్టే, ఆ పేరు వెనుక ఒక దీక్ష ఉంది. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో అదే పేరుతో ఒక ప్రొటెస్టంట్ పండితుడు ఉండేవాడట. ఆయన వేరు, తాను వేరు అని తెలియడానికి తన ప్రాంతమైన సైలీషియాను కూడా పేరులో కలుపుకున్నాడంటారు.

1657లో వచ్చిన షెఫ్లర్ పద్యాల పుస్తకం కూడా 1675లో కొత్త పేరుతో మళ్ళీ అచ్చయింది. 1,600కు పైగా చిన్న పద్యాలు, చాలావరకు రెండేసి పాదాలే. గులాబీకి ఎందుకు అన్నదే లేదు, పూస్తుంది కాబట్టి పూస్తుంది, ఎవరైనా చూస్తున్నారా అని అడగదు అంటాడు ఒకచోట. అది చదివాక ఆ పూట నాకు ఇంకో కార్డు రాయబుద్ధి కాలేదు.

అదే మనిషి లూథరన్ల మీద 50కి పైగా ఖండన పుస్తకాలు రాశాడు. వాటిలో కొన్నిటికి మారుపేర్లు పెట్టాడు: క్రిస్టియానస్ కాన్షియెంటియోసస్, హియెరోథియస్ బొరనోవ్‌స్కీ. ఈ బొరనోవ్‌స్కీ పేరుతో 1673లో వచ్చిన పుస్తకం, వేరే విశ్వాసం ఉన్నవాళ్ళను బలవంతంగానైనా మార్చవచ్చని వాదిస్తుంది. గులాబీ పద్యం రాసిన చెయ్యే ఇదీ రాసింది. నాకు చాలా బాధేసింది.

"ఆ పుస్తకాలు మన దగ్గర లేవు కదా మేడం, ఆ పేర్లు వదిలేద్దాం" అంది అమ్మాయి. నేను ఒప్పుకోలేదు. మనకు నచ్చిన పేరొక్కటే ఉంచితే చదివేవాళ్ళకు సగం మనిషినే ఇచ్చినట్టు. బొరనోవ్‌స్కీ కార్డు నేనే రాసి 'బ' వరుసలో పెట్టాను.

ఆయన పద్యాలకు తెలుగు అనువాదం ఎవరి దగ్గరైనా ఉంటే, అట్ట మీద పేరు ఎలా అచ్చు వేశారో రాయండి. ఆ పేరుకీ ఒక కార్డు పెడతాను.