స్టార్టర్ కాలిపోయిన రోజు

మన నల్లగొండ, పాలమూరు దిక్కు స్టార్టర్ అంటే బోరు మోటరు కాడ గోడకు బిగించిన డబ్బా. కరెంటు ఎక్కువ తక్కువై అది కాలిపోతే పొలానికి నీళ్లు బంద్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కూడా స్టార్టర్ అనే మాట ఉంది, కాకుంటే అక్కడ డబ్బా కాదు, మనిషి. ఆట మొదట్లో మైదానంలోకి దిగే ఆటగాడిని అట్ల పిలుస్తరు. ఇక్కడ మన మాట క్వార్టర్‌బ్యాక్ గురించి, అంటే బాల్ విసిరి ఆట నడిపేటాయన. ఆయన మోకాలో భుజమో పోతే బెంచీ మీది నుంచి లేచేటాయన బ్యాకప్.

డల్లాస్‌లో, న్యూజెర్సీలో పిల్లలున్న ఇండ్లల్లో ఈ ఆట ఇప్పుడు కొత్తేం కాదు. న్యూజెర్సీ టైంలో ఆదివారం మధ్యాహ్నం 1 గంటకు మొదలయ్యే ఆట మనకు రాత్రి 11:30కు వస్తది (నవంబర్ మొదట్లో వాళ్లు గడియారం మార్చేదాకా 10:30కే). సీజన్ ఫైనల్ సూపర్ బౌల్ అయితే సోమవారం పొద్దుగాల 5కు. నిద్ర ఆపుకొని చూసేటోళ్లకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే అనుమానం ఇది: ఏండ్లకేండ్లు బెంచీ మీద కూసున్న మనిషి ఉన్నట్టుండి దిగి ఎట్ల గెలిపిస్తడు? అదృష్టం అని తీసిపారేస్తరు కొందరు. అదృష్టం కొంత ఉంటది, మిగతాదంతా లెక్కే.

ఈ లెక్క పట్టుకోవాలంటే వాలీబాల్ చాలు. ఊర్ల టోర్నమెంటులో లిఫ్టర్ మారినప్పుడు చూడండి. స్మాషర్ రోజూ లెక్కనే మూడడుగులు ఉరికి గాల్లోకి లేస్తడు. బాల్ మాత్రం జానెడు కిందనో, నెట్‌కు అంటుకునో వస్తది. కొట్టింది నెట్‌లోకి పోతది. స్మాషర్ తప్పు లేదు, కొత్త లిఫ్టర్ తప్పూ లేదు, ఇద్దరికీ టైమింగ్ కలవలేదు, అంతే. క్వార్టర్‌బ్యాక్ కూడా ఒక లిఫ్టరే. కాకుంటే ఆయన బాల్ అందించేది ఇరవై, ముప్పై గజాల దూరం (యార్డు అంటే మన ప్లాట్ల గజమే, 3 అడుగులు). అదీ బాల్ అందుకునే రిసీవర్ ఇటు తిరగకముందే విసరాలె. వెనక్కి ఐదు అడుగులు వేసి, ఐదో అడుగు ఆనంగనే బాల్ చేతిలో నుంచి పోతది. రిసీవర్ మళ్లి చూసేసరికి అది సగం దూరం వచ్చి ఉంటది. చూసి విసురుదామని ఆగితే అప్పటికే ఎదుటోడు నడుమ చెయ్యి పెడతడు.

బ్యాకప్‌కు ఆ టైమింగ్ ఎందుకుండదంటే, ప్రాక్టీసే దొరకదు. ఆదివారం ఆట ఉంటే అసలు ప్రాక్టీసు బుధ, గురు, శుక్రవారాలు. మొదటి జట్టుతో ఆడించే ప్లేలు (ఒక్కోసారి బాల్ కదిలించే ముందు వేసుకునే పథకాలు) దాదాపు అన్నీ స్టార్టర్‌కే పోతయి. బ్యాకప్‌కు ఇచ్చే పని స్కౌట్ టీం. వచ్చే ఆదివారం ఎదురయ్యే టీం ఎట్ల ఆడతదో కార్డుల మీద గీసి ఇస్తరు, ఆ ప్లేలను ఆయన తన సొంత డిఫెన్స్ (అడ్డుకునేటోళ్ల) మీద ఆడి చూపియ్యాలె. వారమంతా ఎదుటి టీం వేషం కట్టినోడు ఆదివారం నిమిషంలో సొంత వేషంలోకి రావాలె. అందుకే మొదటి రెండు మూడు ప్లేలను బట్టి అతన్ని అంచనా వెయ్యొద్దు.

ఆ మొదటి ప్లేలల్లో ఏం తప్పుతదో జర దగ్గరి నుంచి చూద్దాం. ఒక ప్లే అయిపోంగనే 40 సెకండ్ల గడియారం తిరుగుతది. కోచ్ మాట హెల్మెట్‌లోని రేడియోలో వినపడతది, గడియారం 15 సెకండ్లకు రాంగనే అది కట్ అయితది. ఆ లోపల ప్లే పేరు పూర్తిగా విని, గుంపుకు చెప్పి, బాల్ పెట్టిన లైన్ కాడికి తీసుకపోయి, ఎదుటోళ్లు ఎట్ల నిలబడ్డరో చూసి, అవసరమైతే మార్చాలె. మణికట్టుకు కట్టుకున్న చిన్న చీటీలో ప్లేలకు నంబర్లు రాసి ఉంటయి. అప్పుడు కోచ్ అంత పొడుగు పేరు చెప్పకుంట నంబరు ఒక్కటి చెప్తడు. ఇంత చేసినా ఆలస్యమైతే 5 గజాలు వెనక్కి.

తర్వాత గొంతు సంగతి. క్వార్టర్‌బ్యాక్ అరిచే లయను బట్టే ఆయన ముందు గోడ లెక్క నిలబడే లైన్‌లోని ఐదుగురు బరువైన మనుషులు ఒక్కసారి కదులుతరు. కొత్త గొంతు, కొత్త లయ అయితే ఎవరో ఒకరు ముందు జరుగుతరు, ఇంకో 5 గజాలు పోతయి. ఆ ఐదుగురి నడుమ ఉండే సెంటర్ తన కాళ్ల నడుమ నుంచి ఇచ్చే బాల్ కూడా అంతే, చేతులు ఎక్కడ పెట్టాలె, ఎంత గట్టిగ వస్తది అనేది అలవాటు మీద నడుస్తది. ఇంకోటి, జనం పట్టించుకోనిది: ప్రతి టీం తన ఆటకు తన బాల్సే తెచ్చుకుంటది. కొత్త తోలు జారుతది కాబట్టి బ్రష్షుతో రుద్ది, మెత్తబరిచి పెడతరు, అదీ స్టార్టర్ చేతికి నచ్చినట్టు. బ్యాకప్‌కు దొరికేది వేరేటోళ్ల చేతికి కుట్టిన చెప్పు లెక్క.

మరి గెలుపు ఎక్కడి నుంచి వస్తది? నా లెక్కలో సగం కోచ్ కత్తెర నుంచి వస్తది. వారమంతా తయారు చేసిన ప్లేలల్లో సగానికి పైగ పక్కన పడేసి, బ్యాకప్‌కు కండ్లు మూసుకున్నా వచ్చే వాటిని పట్టుకుంటరు. అట్లాంటి వాటిలో పేరున్నది 'స్పైడర్ 2 వై బనానా'. పేరు వింటే నవ్వొస్తది కానీ పేరులోనే పని అంతా ఉంది. స్పైడర్ 2 అనేది లైన్ ఎట్ల కాపాడాలెనో చెప్తది, వై అంటే టైట్ ఎండ్ (లైన్ చివరన నిలబడి బాల్ కూడా అందుకునేటాయన), బనానా అంటే ఆయన ఉరికే దారి అరటిపండు లెక్క వంగి ఉంటదని. క్వార్టర్‌బ్యాక్ ముందుగాల బాల్ పట్టుకొని ఉరికే రన్నింగ్ బ్యాక్‌కు బాల్ ఇచ్చినట్టు నటిస్తడు. దగ్గరలో పక్కకు పోయే ఫుల్‌బ్యాక్ (రన్నింగ్ బ్యాక్‌కు దారి చేసేటాయన) ఖాళీగ ఉంటే ఆయనకే, లేకుంటే అంతకంటే దూరంగ వంగి పోయే టైట్ ఎండ్‌కు విసురుతడు. ఇద్దరూ ఒకే దిక్కున ఉంటరు కాబట్టి మైదానమంతా వెతికే పని లేదు, సగం చూస్తే చాలు.

ఈ కత్తెర ఎంత పని చేస్తదో కాన్సస్ సిటీ బ్యాకప్ చాడ్ హెన్నీ చూపించిండు. 2023 జనవరి 21, కాన్సస్ సిటీ, జాక్సన్‌విల్ ప్లేఆఫ్ (లీగ్ అయినంక ఓడితే ఇంటికే అనే ఆట). స్టార్టర్ పాట్రిక్ మహోమ్స్ చీలమండ మెలిపడి లోపలికి పోయిండు. హెన్నీ దిగినప్పుడు బాల్ సొంత చివరి గీతకు 2 గజాల కాడ ఉంది. అక్కడి నుంచి 12 ప్లేలల్లో 98 గజాలు పోయి టచ్‌డౌన్, అంటే బాల్‌ను ఎదుటోళ్ల చివరి గీత దాటించుడు. టీవీలో పొగిడిందే పొగుడుడు. కానీ ఆ ఆట మొత్తంలో హెన్నీ విసిరి సాధించింది 23 గజాలే. రన్నింగ్ బ్యాక్ ఇసయ్యా పచెకో ఒక్క ఉరుకుడే 39. హెన్నీని తక్కువ చెయ్యట్లేదు. బాల్ పోగొట్టలేదు, గడియారం తప్పలేదు, గీత దగ్గర టైట్ ఎండ్ ట్రావిస్ కెల్సీకి ఒక గజం బాల్ సరిగ్గ అందించిండు. ఆ పూట కోచ్‌కు కావాల్సింది అంతే. టీం 27-20తో గెలిచింది, మహోమ్స్ రెండో సగంలో తిరిగొచ్చిండు.

బాల్ పోగొట్టకపోవుడు ఎంత పెద్ద పనో చెప్పాలంటే న్యూయార్క్ జెయింట్స్ బ్యాకప్ జెఫ్ హాస్టెట్లర్ కాడికి పోవాలె. 1990 డిసెంబర్‌లో ఆ టీం స్టార్టర్ ఫిల్ సిమ్స్ పాదం విరిగింది. 1991 జనవరి 27న బఫెలోతో సూపర్ బౌల్. రెండో క్వార్టర్‌లో హాస్టెట్లర్ తన చివరి గీత వెనుకనే నిలబడి ఉన్నప్పుడు బఫెలో డిఫెన్స్ ఆటగాడు బ్రూస్ స్మిత్ వచ్చి బాల్ ఉన్న చేతి మణికట్టు పట్టుకున్నడు. అక్కడ బాల్ జారితే బఫెలోకు టచ్‌డౌనే. ఆయన వదల్లేదు, బాల్‌తోనే కింద పడ్డడు, 2 పాయింట్లు మాత్రమే పోయినయి. ఆఖరికి స్కోరు 20-19. ఒక్క పాయింటు! మిగతాదంతా కోచ్ బిల్ పార్సెల్స్ గడియారం ఆట: 60 నిమిషాలల్లో బాల్ జెయింట్స్ చేతిలో 40 నిమిషాల 33 సెకండ్లు ఉంది. బఫెలో దాడి ఎంత జోరున్నా బాల్ చేతికి రాకుంటే ఏం చేస్తది?

గెలుపులో మిగతా సగం ఎదుటోళ్ల పుస్తకంలో ఉంటది. వాళ్లు వారమంతా వీడియోలు చూసింది స్టార్టర్‌వి. బ్యాకప్ ఏ దిక్కుకు ఎక్కువ విసురుతడు, వత్తిడి వస్తే ఎటు ఉరుకుతడు, ఏం తెల్వదు. కబడ్డీలో కొత్త రైడర్ దిగితే మొదటి మూడు రైడ్‌లు ఆయన ఎడమ కాలు పెడతడా కుడి కాలు పెడతడా అని కవర్లు తడబడ్డట్టే. ఈ లాభం మూడు నాలుగు ఆటల కంటే ఎక్కువ ఉండదు. 2023లో క్లీవ్‌లాండ్ నవంబర్‌లో ఇంటి కాడున్న 38 ఏండ్ల జో ఫ్లాకోను పిలుచుకొచ్చింది. వరుసగ నాలుగు ఆటల్లో 300 గజాలు దాటించి, నాలుగూ గెలిపించి ప్లేఆఫ్స్‌కు తీసుకపోయిండు. 2024 జనవరి 13న హ్యూస్టన్ మీద అదే మనిషి విసిరిన రెండు బాల్స్ ఎదుటోళ్లు అందుకొని టచ్‌డౌన్ దాకా ఉరికిన్రు. 45-14. ఫ్లాకో మారలేదు, హ్యూస్టన్ దగ్గర అప్పటికి చూడనీకి కావాల్సినన్ని వీడియోలు ఉన్నయి.

ఒక్క ఆట చూసి సంచి విప్పుకునేటోళ్లు కూడా ఉంటరు. 2012 జనవరి 1న గ్రీన్ బే బ్యాకప్ మ్యాట్ ఫ్లిన్ డెట్రాయిట్ మీద 480 గజాలు, 6 టచ్‌డౌన్లు విసిరిండు, 45-41తో గెలిచిన్రు. మార్చిలో సియాటిల్ మంచి పైసలిచ్చి తీసుకున్నది. సీజన్ మొదలయ్యేసరికి స్టార్టర్ జాగ డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను టీంలు వంతులవారీగ ఎంచుకునే కాడ) మూడో రౌండ్‌లో వచ్చిన కొత్త పిలగాడు రస్సెల్ విల్సన్‌ది.

నిక్ ఫోల్స్ కథను మాత్రం అందరూ తప్పు చెప్తరు. 2017 డిసెంబర్ 10న ఫిలడెల్ఫియా స్టార్టర్ కార్సన్ వెంట్జ్ మోకాలు పోయింది, ఫోల్స్ వచ్చి సూపర్ బౌల్ గెలిచిండు అంటరు. నడుమ ఉన్నది వదిలేస్తరు. ఆఖరి లీగ్ ఆటలో డల్లాస్ మీద 11 బాల్స్ విసిరి 4 మాత్రమే అందించిండు, 39 గజాలు, 6-0 ఓటమి. అప్పుడు కోచ్‌లు చేసిన పనే అసలు కథ. 2013లో ఇదే ఫోల్స్ 27 టచ్‌డౌన్లు, 2 ఇంటర్‌సెప్షన్లతో (ఎదుటోళ్లు అందుకున్న బాల్స్) ఆడిన సీజన్ ఉంది. అప్పటి ఆటకు దగ్గరగ పడే ఆర్‌పీఓలను (రన్-పాస్ ఆప్షన్, అంటే ఉరుకుడా విసురుడా అక్కడికక్కడ తేల్చుకునే ప్లేలు) ముందుకు తెచ్చిన్రు. అందులో క్వార్టర్‌బ్యాక్ ఎదుటి లైన్ వెనుక నిలబడే ఒక్క లైన్‌బ్యాకర్‌నే చూస్తడు. ఆయన ముందుకు ఉరికితే బాల్ ఆయన వెనుకకు విసరాలె, ఆగిపోతే రన్నింగ్ బ్యాక్ చేతిలో పెట్టాలె. ప్లేఆఫ్స్‌లో మిన్నెసోటా మీద 352 గజాలు, 38-7. 2018 ఫిబ్రవరి 4న న్యూ ఇంగ్లండ్ మీద 373 గజాలు, 41-33. ఆ ఆటలో మొదటి సగం ఆఖరుకు నాలుగో, ఆఖరి ప్రయత్నం మీద టైట్ ఎండ్ ట్రే బర్టన్ విసిరితే ఫోల్సే టచ్‌డౌన్ అందుకున్నడు.

ఆ బెంచీ కాడ ఎవరున్నరో కూడా చూడాలె. హెడ్ కోచ్ డగ్ పీడర్సన్ ఆడిన రోజుల్లో ఎక్కువ కాలం బ్యాకపే. దాడి కోచ్ ఫ్రాంక్ రైక్ అయితే ఈ పనికి పాత పెద్దమనిషి: 1993 జనవరి 3న స్టార్టర్ జిమ్ కెల్లీ దెబ్బతో బయట ఉంటే, బఫెలో 3-35తో వెనుకబడ్డ ఆటను మూడో క్వార్టర్‌లోనే 31-35కు తెచ్చి, ఎక్స్‌ట్రా టైంలో 41-38తో గెలిపించింది ఈయన చెయ్యే. బ్యాకప్‌కు ఏం కావాలెనో ఆ ఇద్దరికీ చెప్పాల్సిన పని లేదు.

తర్వాతిది ఇంకా మజా. 2019లో జాక్సన్‌విల్ ఫోల్స్‌ను స్టార్టర్‌గ కొనుక్కున్నది. మొదటి ఆటలోనే కాలర్ బోన్ (మెడ కింది, భుజం దిక్కు ఎముక) విరిగింది. బెంచీ మీది నుంచి ఆరో రౌండ్ కొత్త పిలగాడు గార్డ్‌నర్ మిన్ష్యూ లేచి 25 బాల్స్‌లో 22 అందించిండు.

ఎంత కత్తెర పట్టినా కొన్ని రోజులు నడవదు. 2020 నవంబర్ 29న కోవిడ్ నియమాలతో డెన్వర్ క్వార్టర్‌బ్యాక్‌లు నలుగురూ బయటనే ఉండాల్సి వచ్చింది. రిసీవర్ కెండాల్ హింటన్‌ను దించిన్రు: 9 బాల్స్‌లో 1 అందింది, 13 గజాలు, 31-3 ఓటమి. ఇంకోటి శాన్ ఫ్రాన్సిస్కోది. 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే ఆఖరున 262వ నంబరుగ వచ్చిన బ్రాక్ పర్డీ డిసెంబర్‌లో దిగి ఒక్క ఆట ఓడకుంట టీంను సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు దూరం దాకా తెచ్చిండు. 2023 జనవరి 29న ఫిలడెల్ఫియాలో ఆయన మోచేయి పోయింది. వచ్చిన జాష్ జాన్సన్‌కు తలకు దెబ్బ. విసరరాని చెయ్యితోనే పర్డీ మళ్లీ దిగిండు, 31-7తో ఓడిన్రు. దాంతో ఆ యేడే నియమం మార్చిన్రు: ఆట రోజు లెక్కలోకి రాకుండ మూడో క్వార్టర్‌బ్యాక్‌ను ఉంచుకోవచ్చు, కానీ మొదటి ఇద్దరూ దెబ్బతోనో రెఫరీ పంపేస్తేనో బయటికి పోయినప్పుడే దింపాలె. బాగ ఆడట్లేదని మార్చనీకి రాదు.

ఈసారి బ్యాకప్ దిగంగనే బాల్ వెనుక పోకుండ గడియారం చూడండి. మూడు సెకండ్లు మిగిలి ఉండంగ లైన్ కాడికి వస్తుంటే చెవిలో మాట ఇంకా మింగుడు పడలేదన్నట్టు. పది సెకండ్లు మిగిల్చి వచ్చి, వేలు పెట్టి ఎదుటి లైన్‌బ్యాకర్లను చూపిస్తుంటే ఆట చేతికొచ్చింది. తర్వాత మొదటి ప్లే ఉరుకుడా విసురుడా చూడండి. నటించి విసిరితే కోచ్‌కు ఆయన మీద నమ్మకం ఉంది. వరుసగ మూడుసార్లు ఉరికి బాల్‌ను ఎదుటోళ్లకు దూరంగ తన్నేస్తే, ఆ పూటకు కోచ్ ఆశ పెట్టుకున్నది డిఫెన్స్ మీద.