ప్లగ్గులు మార్చినా పోని మిస్సింగ్

మాది 1996 మారుతి 800, కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) ఉన్న బండి. ఎండాకాలమంతా చక్కగా తిరుగుతుంది. వాన పడిందంటే చాలు, పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా ఒక పట్టాన అందుకోదు. అందుకున్నా ఇంజన్ గడగడా ఊగిపోతుంది. ఉన్నవే మూడు సిలిండర్లు, అందులో ఒకటి పని మానేస్తే ఊగక ఏం చేస్తుంది? దీన్నే మిస్సింగ్ అంటారు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిపోతుందేమోనని ఒకటే టెన్షన్.

మా వీధి మెకానిక్ సిలిండర్లలో పెట్రోలును అంటించే స్పార్క్ ప్లగ్గులు మార్చాడు. ఎండ కాసినన్నాళ్లు బాగుంది, ముసురు పట్టగానే మళ్లీ మొదటికొచ్చింది. ఇక కార్బ్యురేటర్ విప్పాలన్నాడు. పాత పెట్రోలు బండి ఎందుకు మొరాయించినా నింద దాని మీదే పడుతుంది! నేను ఒప్పుకోలేదు, ఆటోనగర్ తీసుకెళ్లాను.

అక్కడి పెద్దాయన "ముందు ఏ సిలిండరో తేల్చుకోవాలి బాబూ" అంటూ ఇంజన్‌ను స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచి, రబ్బరు పిడి ప్లయర్‌తో ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే పీకి పెట్టారు. ఒకటో వైరు, మూడో వైరు పీకితే ఇంజన్ ఇంకా కుంగింది. రెండోది పీకితే చప్పుడులో తేడానే లేదు. వట్టి చేత్తో మాత్రం ఈ పని వద్దు, అందులో పారేది వేల వోల్టుల కరెంటు.

ఇంజన్ చల్లారాక ఆ రెండో ప్లగ్గు విప్పితే కొన తడిగా, గుప్పున పెట్రోలు వాసన. అంటే పెట్రోలు వస్తోంది, అంటుకోవడం లేదు. దాన్ని ఒకటో సిలిండర్‌కి, అక్కడిది ఇక్కడికి మార్చి చూశారు. ప్లగ్గుది తప్పయితే మిస్సింగ్ దాని వెంటే వెళ్లాలి. వెళ్లలేదు, రెండులోనే ఉండిపోయింది. నయాపైసా ఖర్చు లేని ఈ పరీక్ష ముందే చేసుంటే కొత్త ప్లగ్గుల డబ్బులు మిగిలేవి.

మల్టీమీటర్ పెడితే వైరు బాగానే ఉంది. ఇక మిగిలింది ఒక్కో ప్లగ్గుకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్. మూత తీసి టార్చి వేస్తే లోపల రెండో పిన్ను పక్క నుంచి వెంట్రుకంత నల్లటి గీత. తేమ చేరినప్పుడల్లా స్పార్కు ప్లగ్గు దాకా పోకుండా ఆ దారిన జారిపోతోందట. ఉప్పుకాగితంతో గీకితే పోదా అంటే, పోయినట్టే ఉండి మళ్లీ వస్తుందన్నారు. మూత, దాని కింద తిరిగే రోటర్ రెండూ కొత్తవి వేయించాను. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు అంటుకునే వరుస) 1-3-2 తారుమారు కాకుండా, పాత మూత నుంచి ఒక్కో వైరే తీసి కొత్తదానికి తగిలించారు.

చివర్లో ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో మూత మీద నీళ్లు కొట్టి చూపించారు. ఇంజన్ స్లో కాస్త కూడా తడబడలేదు.