టెక్నీషియన్ పనిని విజిట్లతో లెక్కేస్తే ఎట్టా?

మా నెల్లూరు జిల్లా విడవలూరు, ఇందుకూరుపేట పక్క రొయ్యల గుంటలున్నోళ్లకి టెక్నీషియన్ అంటే ఎవరో చెప్పక్కర్లేదు, గుంటల కాడికి పోయి రొయ్యనీ నీళ్లనీ చూసి రైతుకి సలహా చెప్పేవాడు. నేనూ ఒక మేత కంపెనీలో ఆ పనే చేస్తా ఉన్నా. కంపెనీ చూసేది మూడే, రోజుకి ఎన్ని గుంటలు తిరిగాం, యాప్‌లో లొకేషన్‌తో ఫోటో పెట్టామా, నెలకి ఎన్ని టన్నుల మేత పోయింది.

మొన్న ముసురు పట్టినప్పుడు ఒక అన్న ఫోన్ చేశాడు, రొయ్య మేత తినట్లేదని. పోయి చూస్తే చెక్ ట్రేలో, అంటే రొయ్య ఎంత తింటందో చూడను గుంటలో పెట్టే పళ్లెంలో, మేత అట్టనే ఉంది, వల వేసి పట్టి చూస్తే కొన్నిటికి పేగు ఖాళీ, నీళ్ల రంగు మారింది. ఎండ లేకపోతే నాచు ఆక్సిజన్ ఇయ్యదు, తెల్లారుజామున ఇంకా పడిపోద్ది, అందుకని ఆడనే ఉండి ఆ టైంలో చూస్తే నీళ్లలో ఆక్సిజన్ 3 పీపీఎం (లీటరుకి 3 మిల్లీగ్రాములు), 4 కన్నా తగ్గితేనే మాకు గుండె దడ. మేత సగానికి తగ్గించన్నా, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు అసలు ఆపొద్దు, మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా పెరుగుద్ది అని చెప్పా. ఆయన పంట నిలబడింది. నా రిపోర్ట్‌లో మాత్రం ఒకటే విజిట్, పైగా ఆ వారం మేత సేల్ తగ్గిందని ఎర్ర రంగు!

పనిని కొలవడంలో పేరున్న ఇంజనీర్ ఫ్రెడరిక్ టేలర్ అమెరికాలో బెత్లెహెం స్టీల్‌లో స్టాప్‌వాచ్‌తో పార పని కొలిచి, పారకి 21 పౌండ్ల బరువైతే మనిషి ఎక్కువ పని చేస్తాడని తేల్చాడు. ఆడ ఏం చెయ్యాలో ముందే తెలుసు, ఎత్తి పొయ్యడమే. కానీ మేనేజ్‌మెంట్ మీద పుస్తకాలు రాసిన పీటర్ డ్రకర్ 1999లో రాసిందేందంటే, బుర్రతో చేసే పనిలో ముందు అసలు పని ఏందో తేల్చాలి, ఎంత చేశాడనే దాంతో పాటు ఎంత బాగా చేశాడో కూడా చూడాలి అని. నాకైతే మా గుంటల మీదకొచ్చి చూసి రాసినట్టే ఉంది.

పోనీ ఎన్ని రొయ్యలు బతికాయో దాంతో కొలవండి అంటారు కొందరు, అదీ కష్టమే, సీడ్ (గుంటలో వదిలే రొయ్య పిల్ల) బాగోకపోయినా పక్క గుంట నుంచి వైట్ స్పాట్ వైరస్ జబ్బు వచ్చినా అది టెక్నీషియన్ తప్పా? ఏం చూశాం, ఏం చెప్పాం, ఎందుకు చెప్పాం అని రాయించి, వారానికోసారి సీనియర్ కూర్చుని అవి చదవాలి, పంట పట్టాక రైతుని మళ్లీ ఇతన్నే పిలుస్తావా అని అడగాలి. అన్నిటికన్నా ముందు మేత టార్గెట్ మా నెత్తి మీద నుంచి తీసెయ్యాలి, మేత తగ్గించమని చెప్పాల్సినోడి జీతం మేత అమ్మకం మీద ఉంటే రైతు ఎవర్ని నమ్మాల? మా టీమ్ అందరం కలిసి ఇదే రాసి మేనేజర్ గారికి మెయిల్ పెడతన్నాం, రైతుల మూడు పంటల లెక్కలు కూడా జత చేసి.