కుడి యూ-టర్న్: 8.2 మీటర్ల నుంచి 6.9కి

ఎంత సాధన చేసినా 8.2 మీటర్ల వెడల్పు దగ్గరే మొరాయించిన నా బైకు కుడి యూ-టర్న్ ఈ ఆదివారం 6.9 మీటర్లకు దిగింది. ఇదే బండి, ఇదే నేల మీద, ఎడమ వైపు 5.9 మీటర్లలోనే తిరుగుతోంది కనుక సంబరం సగమే. మిగిలిన మీటరు సంగతి తేలలేదు గాని, పోయిన 1.3 మీటర్లు ఎందుకు పోయాయో మాత్రం కొలతలతో సహా తెలిసింది.

బండి శిక్షణలో మిగతా అంశాల గురించి చెప్పుకోవలసింది తక్కువ. గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి పొడి సిమెంటు మీద 13 మీటర్లలో ఆగగలుగుతున్నాను, అదే వేగంలో అడ్డు వచ్చిన కోన్‌ను తప్పించడం రెండు వైపులా కుదిరింది.

కుడి వైపు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మన దేశంలో బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి కనుక మామూలు రోడ్డు మీద మనం వేసే యూ-టర్న్ దాదాపు ఎప్పుడూ కుడి వైపుదే. ఎడమ వైపు ఎంత చక్కగా తిరిగినా అది మైదానంలో చూపించుకోవడానికీ, ఘాట్‌లో లోపలి మలుపులకూ పనికొస్తుంది తప్ప మధురవాడ కూడలిలో అక్కరకు రాదు. బ్రిటన్ లైసెన్సు పరీక్షలో మాడ్యూల్ 1 అనే భాగం ఉంది. అందులో 7.5 మీటర్ల ఎడంలో ఉన్న రెండు గీతల మధ్య, కాలు కింద పెట్టకుండా యూ-టర్న్ వేయాలి. నేను పెట్టుకున్న హద్దు అదే. మన రవాణా శాఖ వారి లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె ఆకారపు ట్రాక్ మీద చాలామంది స్కూటీతో గట్టెక్కి, ఆ తరువాత జన్మలో మళ్ళీ ఎనిమిది వేయరు. ఆ ఎనిమిదినే నెలకొకసారి వేయిస్తే సగం మంది కోచింగ్‌కు రావలసిన పనే ఉండదని నా అభిప్రాయం.

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. బరువు 199 కిలోలు, వీల్‌బేస్ (రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం) 1465 మిల్లీమీటర్లు, ముందు చక్రం 21 అంగుళాలు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది కనుక, పాత యజమాని వేయించిన, హ్యాండిల్‌ను 25 మిల్లీమీటర్లు పైకి ఎత్తే రైజర్లు దానితోనే వచ్చాయి. ఈ రైజర్ల ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

కొలిచే పద్ధతి చెప్పాలి. నీళ్ళు పోసి టైరు తడి చారను కొలుద్దామంటే విశాఖ ఎండకు టేపు తీసేలోపే ఆరిపోతోంది. అందుకని లేఅవుట్‌లోని ఖాళీ సిమెంటు రోడ్డు మీద మలుపు మొదలయ్యే చోట తడి ముగ్గుపిండిని చారెడు వెడల్పున పరిచి, ముందు చక్రాన్ని దాని మీదుగా పోనిస్తున్నాను. సగం వృత్తం దాకా తెల్లటి చార స్పష్టంగా పడుతుంది, ఆ తరువాత పలచబడినా కనిపిస్తూనే ఉంటుంది. ఎడమ మలుపు చార కొస దాకా ఒకే వంపుతో ఉంది. కుడి మలుపు చార మాత్రం మొదటి మూడో వంతు వరకు ఎడమదానికి అచ్చు జోడీలా వచ్చి, హ్యాండిల్ ఇక తిరగని కొసకు, అంటే పూర్తి లాక్‌కు, చేరే చోట చిన్నగా వణికి, అక్కడి నుంచి దాదాపు మీటరున్నర దూరం తిన్నగా బయటికి పోయి, మళ్ళీ వంగింది. ఎన్నిసార్లు వేసినా ఆ వణుకు ఒక జానెడు అటూ ఇటూగా అదే చోట పడింది. ఆ క్షణంలో సీటు మీద తెలిసేది ఏమిటంటే, ఇంజను శబ్దం కొద్దిగా పెరుగుతుంది గాని బండి లాగడం మానేస్తుంది, లోపలికి పడబోతుంది, దాన్ని నిలబెట్టడానికి హ్యాండిల్ లాక్ నుంచి వెనక్కి తిరుగుతుంది, గీత దాటుతుంది.

మొదట నేల వాలును అనుమానించాను. తాపీ మేస్త్రీ దగ్గర లెవెల్ పైపు తెచ్చి చూస్తే 7.5 మీటర్ల వెడల్పుకు 12 సెంటీమీటర్ల పల్లం ఉంది, అంటే సుమారు 1.6 శాతం. అదే చోట ఎదురు దిశ నుంచి వచ్చి కుడి మలుపు వేసినప్పుడు వచ్చింది 8.1 మీటర్లు. కనుక వాలుకు సంబంధం లేదు. ముందు టైరు గాలిని 25 నుంచి 28 పీఎస్‌ఐకి పెంచి చూశాను, తేడా లేదు. స్టీరింగ్ కుడి వైపు తక్కువ తిరుగుతోందేమోనని ఇంజను ఆపి, బండిని నిటారుగా ఉంచి, పూర్తి లాక్‌తో చేత్తో నెట్టుకుంటూ వృత్తం పూర్తి చేస్తే రెండు వైపులా ముందు టైరు గీసిన వ్యాసం 5.1 మీటర్లే. వాల్చకుండానే 5.1లో తిరగగల బండికి 8.2 ఎందుకు కావలసి వస్తోందన్నది అసలు ప్రశ్న అయింది.

చూపు ఎటు ఉంటే బండి అటే పోతుంది కనుక చూపు సంగతి కోచ్ గారు ముందే పరీక్షించారు. కోన్ల దగ్గర కాకుండా నేను బయటికి పోవలసిన వైపున ఆయన నిలబడి, వేళ్ళు చూపించి ఎన్నో చెప్పమన్నారు. చెప్పాను, అయినా చార మారలేదు. అప్పుడాయన, "చూపు బాగానే ఉందండీ. ఎడమ చెయ్యి చూసుకున్నారా, కర్రలా బిగుసుకుపోతోంది" అన్నారు. కుడి లాక్‌లో ఎడమ గ్రిప్ ముందుకు పోతుంది కనుక చెయ్యి చాచక తప్పదు. చాచిన చేతి వేళ్ళతోనే క్లచ్‌ను సగం నొక్కి (హాఫ్ క్లచ్) పట్టి ఉంచాలి. ఎడమ మలుపులో ఈ బాధ లేదు, ఎందుకంటే అక్కడ చాచవలసింది యాక్సిలరేటర్ చెయ్యి, దాన్ని ఒక చోట కదలకుండా ఉంచితే చాలు.

చెయ్యి చాలకపోవడం కారణమైతే వణుకు ప్రతిసారీ ఒకే చోట ఎందుకు పడాలన్న సందేహం తీరలేదు. అందుకని క్లచ్ లివర్ కొన దగ్గర ఫ్రీ ప్లేను, అంటే కేబుల్ బిగిసేలోపు లివర్ వట్టిగా కదిలే దూరాన్ని, స్టీలు స్కేలుతో కొలిచాను. హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడు 11 మిల్లీమీటర్లు, పూర్తి ఎడమకు తిప్పితే 12, పూర్తి కుడికి తిప్పితే 2. నమ్మకం కుదరక ఇంకో రకంగా చూశాను. ఇంజను ఆపి, మొదటి గేరులో బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పమని మా తమ్ముడికి చెప్పి, చక్రం వదులయ్యే వరకు లివర్‌ను మెల్లగా నొక్కాను. తిన్నగా ఉన్నప్పుడు లివర్ కొన గ్రిప్‌కు 46 మిల్లీమీటర్ల దూరంలో ఉండగా చక్రం వదిలింది. కుడి లాక్‌లో 55 దగ్గరే వదిలేసింది. అంటే నా వేళ్ళు కదలకపోయినా, హ్యాండిల్ కుడికి తిరుగుతున్న కొద్దీ క్లచ్ తనంతట తానే విడిపోతోంది. శబ్దం పెరిగి లాగుడు తగ్గడానికి ఇంతకు మించిన వివరణ అక్కరలేదు.

రైజర్లు హ్యాండిల్‌ను 25 మిల్లీమీటర్లు ఎత్తాయి గాని కేబుల్ పొడవు పెరగలేదు. పైగా హెడ్‌లైట్ వెనక వైరింగ్‌తో కలిపి కేబుల్‌ను ఎవరో జిప్ టైతో బిగించి ఉంచారు. ఆ టై కోసేసి, కేబుల్‌ను కొంచెం పెద్ద వంపుతో తిప్పి, అడ్జస్టర్‌తో ఫ్రీ ప్లేను సరిచేశాక, తిన్నగా 14, కుడి లాక్‌లో 8 వచ్చింది. తేడా 9 నుంచి 6కు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆ మూడు మిల్లీమీటర్లకే మలుపు 6.9 మీటర్లకు దిగడం నాకు నేటికీ ఆశ్చర్యంగానే ఉంది. ముగ్గు చారలో వణుకు ఇప్పుడూ ఉంది, అయితే తిన్నగా పోయే ముక్క అరమీటరుకు కుదించుకుపోయింది.

మిగిలిన మీటరుకు నా దగ్గర రెండు ఊహలు ఉన్నాయి. మొదటిది, ఆ మిగిలిన 6 మిల్లీమీటర్ల తేడాయే. రెండవది కుడి పాదం. వెనక బ్రేకును కొద్దిగా ఆనించి ఉంచితేనే ఈ మలుపులో బండి నిలకడగా ఉంటుంది. కుడికి వాల్చి, బరువును సీటు ఎడమ అంచుకు జరిపినప్పుడు కుడి మడమ ఫుట్‌పెగ్ మీద నుంచి లేస్తోందని తమ్ముడు తీసిన వీడియోలో కనిపించింది. మడమ లేస్తే బ్రేకు మీద ఒత్తిడి సమంగా ఉండదు. పెడల్‌ను కొద్దిగా పైకి జరిపి చూడాలి.

రైజర్ల మీద నా అభిప్రాయం ఇప్పుడు స్థిరపడింది. నిలబడి నడిపే ఆరడుగుల మనిషికి తప్ప హిమాలయన్‌కు అవి అనవసరం. వేసేవారు కేబుల్ కూడా పొడవైనది వేయించుకోవాలి. అలాగే హాఫ్ క్లచ్ సాధనకు మందపాటి అరచేతి గ్లవ్స్ పనికిరావు, రైనాక్స్ వారి పలచని వేసవి గ్లవ్స్‌తో లివర్ ఎక్కడ పట్టిందో వేలికి తెలుస్తుంది. మిత్రుని కేటీఎం 390 అడ్వెంచర్‌ను ఇవే కోన్ల మధ్య తిప్పి చూశాను. మంచి బండే గాని, ఐడిల్‌కు దగ్గరగా దాని ఇంజను కుదుపుతుంది, కనుక ఇటువంటి నెమ్మది పనికి లాంగ్ స్ట్రోక్ (పిస్టన్ ఎక్కువ దూరం కదిలే) ఇంజనున్న హిమాలయనే సుఖం. గేరులో పెట్టి వదిలితే నడక వేగంలో తనంతట తాను పోతుంది.

వచ్చే వారం రైజర్లు తీసివేసి మొత్తం కొలతలు మళ్ళీ తీస్తాను. కుడి లాక్‌లో ఫ్రీ ప్లే 11కు దగ్గరగా వచ్చి, మలుపు 6.9 దగ్గరే ఉండిపోతే తప్పు పాదంలో ఉందని తేలుతుంది. అప్పుడు పెడల్ పని పట్టుకుంటాను. రెండూ ఒకేసారి మార్చితే దేనివల్ల ఏది జరిగిందో తెలియదు. వర్షాలు తగ్గాక పాడేరు ఘాట్‌కు వెళ్ళాలని కోచ్ గారు అంటున్నారు గాని, 7.5లో కుడి మలుపు పదికి పది సార్లు రానంత వరకు నేను ఒప్పుకోను.

ఈలోగా జపాన్ లైసెన్సు పరీక్షలోని పలక వంతెనను మొదలుపెట్టాలని ఉంది. 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఆ పలకను పెద్ద బండి వారు 10 సెకన్లకు తక్కువ కాకుండా దాటాలి, అంటే వేగం గంటకు 5.4 కిలోమీటర్లకు మించకూడదు. టింబర్ డిపోలో ధర అడిగితే గుండె ఆగినంత పని అయింది, కనుక ప్రస్తుతానికి 30 సెంటీమీటర్ల ఎడంలో రెండు ముగ్గు గీతలు గీసి, స్టాప్‌వాచ్ తమ్ముడి చేతికిచ్చి ప్రారంభిస్తాను.